ఆరు నెలల్లో ప్రో అవుతానంటున్నాడు, నమ్మాలా?

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. టెన్త్ మార్కులు చూసి కంప్యూటర్ కొనిచ్చాను. అప్పటి నుంచి వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నాడు. ఇప్పుడు గోల్డ్ ర్యాంకులో ఉన్నాడట. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది గ్యాప్ ఇస్తే, రోజుకు ఎనిమిది గంటలు ఆడి ఆరు నెలల్లో ప్రో అవుతానంటున్నాడు. లక్ష రూపాయల గేమింగ్ పీసీ కూడా కావాలట. కోపమొచ్చి పోయిన నెల వైఫై తీయించేశాను. అప్పటి నుంచి నాతో మాటలు మానేశాడు. అసలు ఈ ఆటలో పైకి రావడానికి ఎంత కాలం పడుతుంది? గ్యాప్ ఇయర్, బీటెక్ రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఊరు మారుతుంది, ఆట పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే వస్తుంటుంది. కొన్నేళ్ల కిందట పబ్‌జీ అని రాసేవారు, ఇప్పుడు వాలరెంట్ అంటున్నారు. 'ఎంత కాలం' అని అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది మనసులో ఉండేది వేరే భయం. పిల్లవాడు చేయి దాటిపోయాడేమోనని. మీవాడు దాటిపోలేదు. తన ర్యాంకు ఎంతో మీకు చెప్పాడు, ఎన్ని గంటలు ఆడాలనుకుంటున్నాడో చెప్పాడు, ప్లాన్ చెప్పాడు, డబ్బు అడిగాడు. నిజంగా చేయి దాటిన పిల్లలు ఇవేవీ ఇంట్లో చెప్పరు. కాబట్టి ముందు ఆ టెన్షన్ కొంచెం దించుకుని మిగతాది చదవండి.

వాలరెంట్ 2020 జూన్‌లో వచ్చింది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్లది మ్యాచ్. ఐరన్ నుంచి రేడియంట్ దాకా 9 ర్యాంకులు. గోల్డ్ అంటే కింద నుంచి నాలుగోది, ఆడేవాళ్లందరిలో ఇంచుమించు మధ్యలో ఉన్నట్టు. తీసిపారేయాల్సినదీ కాదు, చంకలు గుద్దుకోవాల్సినదీ కాదు.

మౌస్‌తో ఆడటం కొత్తయిన పిల్లవాడికి మొదటి రెండు మూడు నెలలు చచ్చిపోవడంతోనే సరిపోతుంది. ఎవరు కాల్చారో, ఎక్కణ్ణుంచి కాల్చారో కూడా తెలియదు. ఫోన్లో బీజీఎంఐ (పబ్‌జీకి ఇప్పటి పేరు) ఆడి వచ్చినవాళ్ల సంగతీ అంతే. ఎక్కడ నక్కాలో వాళ్లకు తెలుసు గానీ, చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ తర్వాత ఏడాది పాటు ఎదుగుదల కంటికి కనిపిస్తుంది. పరుగెత్తుతూ కాల్చకుండా ఆగి కాల్చడం, గురిని నేల మీదికి వదిలేయకుండా ఎదుటివాడి తల ఎత్తులో ఉంచి మూల తిరగడం, ఆటలో ఇచ్చే ఉత్తుత్తి డబ్బు తక్కువున్న రౌండ్లో ఖరీదైన తుపాకీ కొనకుండా తర్వాతి రౌండుకు దాచుకోవడం, మ్యాపులు గుర్తుంచుకోవడం. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. శ్రద్ధగా ఆడే పిల్లలు ఏడాది, ఏడాదిన్నరలో గోల్డ్, ప్లాటినం దగ్గరికి రావడం నేను చూస్తూనే ఉన్నాను. మీవాడూ అక్కడే ఉన్నాడు.

అక్కడి నుంచి లెక్క మారిపోతుంది. డైమండ్ దాటడానికి పట్టే కాలం, అప్పటిదాకా పట్టిన మొత్తం కాలం కంటే ఎక్కువ ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఆడినా ఆ గడప దాటనివాళ్లు బోలెడంతమంది. ఇక అన్నిటికంటే పైనున్న రేడియంట్‌కు నెలల లెక్కే పనికిరాదు. ఒక్కో రీజియన్లో మొదటి 500 మందికే ఆ ర్యాంకు ఇస్తారు. మనవాళ్లు ఆడేది ఆసియా పసిఫిక్ రీజియన్లో. మీవాడు ఎంత మెరుగయ్యాడన్నదొక్కటే అక్కడ చాలదు, మిగతావాళ్లు ఎంత మెరుగయ్యారన్నదీ చూడాలి. ఎంసెట్ ర్యాంకులు చూసిన ఇళ్లలో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పైగా రేడియంట్ వచ్చినంత మాత్రాన ప్రో అయిపోరు. జట్టు పిలవాలి, టోర్నమెంట్లలో నిలబడాలి.

ఇదంతా చేతి వేగం అనుకుంటారు చాలామంది. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మామూలు మనిషికి సెకనులో నాలుగో వంతో, ఐదో వంతో పడుతుంది. సాధన చేసినా అది మరీ తగ్గిపోయేది కాదు. పైస్థాయి ఆటగాళ్లు గెలిచేది ఎదుటివాడు ఎక్కణ్ణుంచి వస్తాడో ముందే ఊహించి గురి అక్కడ సిద్ధంగా పెట్టుకోవడం వల్ల. ఆ ఊహ రావడానికే ఏళ్లు పడుతుంది.

ఇంకో సంగతి తెలియక పెద్దవాళ్లతో పాటు ఆడే పిల్లలు కూడా తికమకపడుతుంటారు. ఇలాంటి ఆటలు ఎప్పుడూ సమఉజ్జీలనే ఎదురు నిలబెడతాయి. మీవాడు మెరుగైతే ఎదురొచ్చేవాడు కూడా మెరుగైనవాడే. కాబట్టి ఎంత నేర్చుకున్నా దాదాపు సగం మ్యాచులు ఓడిపోతూనే ఉంటాడు. గదిలోంచి 'ఛ' అన్న కేక వినిపించినప్పుడల్లా వీడికేమీ రావట్లేదని మీరనుకుంటారు. వాడూ అదే అనుకుని ఇంకో మ్యాచ్, ఇంకొక్క మ్యాచ్ అంటూ రాత్రి రెండింటి దాకా కూర్చుంటాడు. ఓడిన కోపంలో ఆడే ఆటను వాళ్లు టిల్ట్ అంటారు. టిల్ట్‌లో ఆడిన నాలుగు గంటలు ఏమీ నేర్పకపోగా, చెడ్డ అలవాట్లు చేతికి పట్టిస్తాయి.

రోజుకు ఎనిమిది గంటలన్న ప్లాన్ నాకు నచ్చనిది అందుకే. ఇరవై నిమిషాలు గురి సాధన (కోవాక్స్, ఎయిమ్ ల్యాబ్ లాంటివి ఉన్నది దీనికే), ఒక డెత్‌మ్యాచ్ (జట్టు లేకుండా ఎవరికి వారే ఆడే చిన్న మ్యాచ్), ధ్యాస పెట్టి రెండు ర్యాంకు మ్యాచులు, ఓడిన మ్యాచ్ రికార్డింగ్ ఒకసారి చూసుకోవడం. మ్యాచ్ ఒక్కోటి అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది, అంతా కలిపి రెండు గంటల చిల్లర. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపేయాలి. ఆపై నిద్ర. చేతికి నేర్పిన పని నిద్రలోనే కుదురుకుంటుంది, నిద్ర తగ్గించుకుని ఆడినదాంట్లో మిగిలేది తక్కువ. ప్రో జట్లు ఎనిమిది గంటలు ఆడట్లేదా అని మీవాడు అడుగుతాడు. ఆడతాయి. వాళ్లకు కోచ్ ఉంటాడు, సాధనకు ఎదురుగా మరో జట్టు ఉంటుంది, ఏ రౌండులో ఎవరు తప్పు చేశారో కూర్చోబెట్టి చెప్పేవాళ్లుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో గదిలో ఒక్కడే ఆడే ఎనిమిది గంటలు దానికి సాటి రావు.

ఇక ఈ-స్పోర్ట్స్ కెరీర్, అంటే వీడియో గేముల పోటీలతోనే బతకడం. ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. నాకు దీని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచుకోను.

గుర్తింపు వచ్చిన మాట నిజం. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పతకాలు ఇచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. మీవాడు ఇవన్నీ మీకు ఈపాటికే చూపించి ఉంటాడు. అందులో మీకూ పనికొచ్చే ముక్క ఒకటుంది: ఆన్‌లైన్ రమ్మీ, మీవాడి ఆట ఒకటి కావు. బంధువుల దగ్గర 'జూదంలో పడ్డాడు' అనకండి. కానీ గుర్తింపు వేరు, నెల తిరిగేసరికి జీతం వేరు.

ఖాళీలు ఎన్నో చూడండి. 2023లో మన ప్రాంతపు పైస్థాయి పోటీ అయిన వాలరెంట్ పసిఫిక్ లీగ్ మొదలైనప్పుడు మన దేశం నుంచి అందులో చోటు దక్కింది గ్లోబల్ ఈస్పోర్ట్స్ అనే ఒక్క సంస్థకే. ఐదుగురు ఆడే ఆ జట్టులోనూ కొరియా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు ఉన్నారు. మనవాళ్లకు మిగిలినవెన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. కింది స్థాయి టోర్నమెంట్లు ఉన్నాయి గానీ, వాటి బహుమతి డబ్బును ఐదుగురూ పంచుకుని ఇల్లు గడపడం కష్టం.

మీవాడు టెన్‌జీ పేరు చెప్పే అవకాశం ఉంది. కెనడా కుర్రాడు. వాలరెంట్ వచ్చి ఏడాదైనా కాకుండానే, 2021 మేలో సెంటినల్స్ జట్టుతో రేక్యవిక్ మాస్టర్స్ అనే అంతర్జాతీయ టోర్నమెంట్ గెలిచాడు. ఏడాదిలోనే అయ్యాడు కదా అంటాడు మీవాడు. అతను అంతకు ముందే కౌంటర్ స్ట్రైక్ అనే పాత షూటింగ్ గేమ్‌లో ప్రొఫెషనల్ ఆటగాడు, కాల్చడం వాలరెంట్‌లో నేర్చుకోలేదు. 'సింపుల్' అనే పేరుతో ఆడే ఉక్రెయిన్ ఆటగాడు కౌంటర్ స్ట్రైక్ మొదలుపెట్టింది నాలుగేళ్ల వయసులో. ఆరు నెలల మాటకు ఇదే నా జవాబు. ఇంకోటి కూడా చెప్పండి: అదే టెన్‌జీ 2024లో పోటీల నుంచి తప్పుకున్నాడు. అప్పటికి అతని వయసు 23. మన ఇళ్లలో ఆ వయసుకు మొదటి ఉద్యోగం వస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మరొకటి. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐగా వచ్చింది. 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ వచ్చింది. దాన్నే నమ్ముకున్న కుర్రాళ్లు ఆ పది నెలలు ఏం చేయాలి? ఎంత బాగా ఆడినా ఆట ఒక కంపెనీ సొత్తు. నియమం మార్చినా, సర్వర్ ఆపేసినా అడిగే దిక్కులేదు. క్రికెట్‌ను ఎవరూ ప్లే స్టోర్లోంచి తీసేయలేరు!

ఇప్పుడు మీ సంగతి. కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. రెండేళ్లుగా మీ ఇంట్లో ఆడుతున్న ఆటను ఒక్కరోజైనా వాడి పక్కన కుర్చీ వేసుకుని చూశారా? కంప్యూటర్ మీరే కొనిచ్చారు, గదిలో మీరే పెట్టించారు, తలుపు వేసుకుంటే చదువుకుంటున్నాడని మీరే సంబరపడ్డారు. ఇప్పుడు ఉన్నట్టుండి వైఫై తీయిస్తే దాన్ని క్రమశిక్షణ అనరు, కోపం తీర్చుకోవడం అంటారు. మొబైల్ డేటా లేని ఇంటర్ కుర్రాడు కరీంనగర్‌లో ఉన్నాడా? ఇంకోటి, ర్యాంకు మ్యాచ్ మధ్యలో వదిలేసి వెళ్తే వీడికి పెనాల్టీ పడుతుంది, జట్టులో మిగతా నలుగురూ దెబ్బతింటారు. అన్నానికి పిలిస్తే 'పది నిమిషాలు నాన్నా' అనడం పొగరు కాదు. మ్యాచ్ మొదలుపెట్టక ముందే వేళ చెప్పండి, ఇంట్లో సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

గ్యాప్ ఇయర్ ఆలోచన వీడికి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆశ్చర్యపోతున్నారేమో. మన దగ్గరే నేర్చుకున్నాడు. సీటు వస్తుందన్న గ్యారంటీ లేకపోయినా లాంగ్ టర్మ్ కోచింగ్‌కు లక్షలు కట్టి ఏడాది ఇవ్వడానికి మనం వెనకాడం. వాడు ఆ లెక్కనే తనకు నచ్చినదానికి వేసుకున్నాడు.

పోల్చమన్నారు కదా. పెద్దగా పోల్చడానికి లేదు. గోల్డ్ ర్యాంకు చూసి ఏడాది వదులుకోమని ఈ ఆట తెలిసినవాళ్లెవరూ చెప్పరు. గ్యాప్ వద్దు. రేడియంట్‌కు ఒక్క మెట్టు కిందున్న ఇమ్మోర్టల్ దాకా వచ్చి, ఒక జట్టు పిలిచి, చేతిలో కాంట్రాక్టు ఉన్ననాడు మళ్లీ అడగమనండి. ఆ రోజు వాడి తరఫున నేనే మీతో వాదిస్తాను. బీటెక్‌లో చేరినా సాయంత్రాలు ఎక్కడికీ పోవు, కాలేజీ జట్లుంటాయి, టోర్నమెంట్లుంటాయి. బ్రాంచీలు, కాలేజీల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

'ఆటలంటే ఇష్టం కదా, గేమ్ డిజైన్‌లో వేద్దాం' అని మాత్రం తొందరపడకండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియో ఉంది, అక్కడి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్ డిగ్రీ ఉంది, దారులు లేకపోలేదు. కానీ ఆడటం ఇష్టమైన ప్రతివాడికీ తయారుచేయడం ఇష్టమవుతుందని ఏమీ లేదు. సెలవుల్లో యూనిటీ అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఒక చిన్న ఆట చేయమనండి. విసుగు పుట్టిందో, తిండి మరిచిపోయాడో చూస్తే మీకే తెలుస్తుంది.

లక్ష రూపాయల పీసీ అక్కర్లేదు. వాలరెంట్‌ను మామూలు కంప్యూటర్ల మీద కూడా నడిచేలా తయారుచేశారు. ఇప్పుడున్నది 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) అయితే 144 హెర్ట్జ్‌ది కొనండి, తెర మీద కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. వైఫైకి బదులు రూటర్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ లాగించండి. మిగిలిన డబ్బు ఫీజులకు ఉంచుకోండి.

రెండేళ్లు వృథా అయ్యాయని కూడా కుమిలిపోకండి. ఇలాంటి వేగమైన ఆటలు ఆడేవాళ్లకు చూపు మీద ధ్యాస మెరుగవుతుందని 2003లోనే 'నేచర్' పత్రికలో పరిశోధన వచ్చింది. అది ఫిజిక్స్ మార్కుల్లో కనిపిస్తుందని నేననను. కానీ రోజూ సగం మ్యాచులు ఓడిపోయి, మర్నాడు మళ్లీ కూర్చుని ఎందుకు ఓడానో చూసుకునే పిల్లవాడు సోమరి మాత్రం కాదు.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. గంటలు ఎక్కువైతే జబ్బని అందులో లేదు. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగితేనే ఆ మాట వాడతారు. మీ ఉత్తరంలో నాకు ఆ గుర్తులు కనిపించలేదు. మాటలు మానేసింది ఆట వల్ల కాదు, మీ మీది అలక. కానీ తిండి, స్నానం, కాలేజీ, స్నేహితులు ఒక్కొక్కటీ వదిలేస్తున్నాడనిపిస్తే నాకు ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రీపగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.