మంచి అలవాటు ఒకరి నుంచి ఒకరికి నిజంగా అంటుకుంటుందా?

మంచి ప్రవర్తన కూడా జలుబులా ఒకరి నుంచి ఒకరికి పాకుతుందా, లేక పెంపకంతో వచ్చేదేనా అని మీరు అడిగారు. నేను చూసినంతలో పాకుతుంది, కానీ జలుబులా మాత్రం కాదు. జలుబు తెప్పించడానికి ఒక్క మనిషి చాలు. మంచి అలవాటుకు ఇద్దరు ముగ్గురైనా కావాలి, వాళ్లు రోజూ మన కంట పడేవాళ్లయి ఉండాలి.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు ఒక పల్లె. 1992 నాటికి ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లకు చదువు నేర్పే సాయంకాలం బడులు నడుస్తుండేవి. అక్కడ చదువుకున్న 'సీతమ్మ కథ' అనే పాఠంలో ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించడం దూబగుంట ఆడవాళ్లకు తమ ఊరి సంగతిగానే తోచింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలవగా ఊళ్లో సారాను అడ్డుకున్నారు. అది ఊరి నుంచి ఊరికి పాకి, చివరకు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది.

ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు జిల్లాలో మొదలయ్యాయి. ఆఫీసరు జీపు దిగి సంఘం గురించి చెప్పినప్పుడు మా అమ్మ తలూపి ఇంటికొచ్చేసింది. ఎదురింటామె చేరినప్పుడు "వాళ్లకు మిగుల్తుంది, చేరారు" అని కొట్టిపారేసింది. ఆ తర్వాత అమ్మలాగే కూలికి పోయే పక్కింటి పెద్దమ్మ, బోరింగు దగ్గర రోజూ కలిసే ఇంకొకామె కూడా చేరారు. "నువ్వొక్కదానివే మిగిల్నావు గదమ్మే, రూపాయే గదా" అని పెద్దమ్మ అన్న రోజు సాయంత్రం, అమ్మ ఖాళీ పౌడరు డబ్బా మూతను కత్తిపీటతో చీల్చి, నాట్ల కూలిలోంచి ఏడు రూపాయలు తీసి ఒక్కొక్కటిగా అందులో వేసింది. వారం డబ్బులన్నమాట. మొదటి నెల మీటింగులో తనకు ముందున్న ఇద్దరూ సంతకం పెట్టడం చూసి, వేలిముద్రకు సిగ్గుపడి, నా పలక తీసుకుని తన పేరు దిద్దుకుంది. ఎవరూ ఆమెకు చదువు గొప్పతనం గురించి చెప్పలేదు.

చాలా ఏళ్లకు డామన్ సెంటోలా అనే పరిశోధకుడు 2010లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివినప్పుడు ఆ డబ్బాయే గుర్తొచ్చింది. ఒకరి స్నేహితులు ఇంకొకరికీ స్నేహితులయ్యే దగ్గరి అల్లికల్లో కొత్త అలవాటు ఎక్కువ మందికి, త్వరగా చేరిందనీ, ఒకే మాట పలువురి నుంచి వినడమే అందుకు కారణమనీ ఆయన చూపారు. సంతోషం కూడా స్నేహితుల ద్వారా పాకుతుందని 4,739 మందిని 1983 నుంచి 2003 దాకా గమనించి చెప్పిన అధ్యయనం ఇంకా ప్రసిద్ధం. అయితే ఒకే స్వభావం ఉన్నవాళ్లు ఎలాగూ స్నేహితులవుతారు కాబట్టి, పాకింది ఎంత, ముందే ఉన్నది ఎంత అని విడదీయడం కష్టమన్న విమర్శ దానిమీద ఉంది. ఆ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ఇదంతా తెలిసి కూడా, నెల్లూరులో మేముండే అపార్టుమెంటులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని నేను మొదట చేసిన పని లిఫ్టు పక్కన నోటీసు అంటించడం. దానిమీద ఎవరో పాలవాడి లెక్క రాసుకున్నారు. తర్వాత మా అంతస్తులోని రెండు ఇళ్లవాళ్లను అడిగి, ముగ్గురం ఒకే రోజు గుమ్మం బయట రెండేసి బకెట్లు పెట్టాం. నాలుగో ఇంటివాళ్లు పది రోజులకు, చివరి ఇంటివాళ్లు ఇంకో నెలకు పెట్టారు. పై అంతస్తుకు వెళ్లేవాళ్లు మెట్లెక్కకుండా లిఫ్టులో వెళ్తారు కాబట్టి మా బకెట్లు వాళ్లకు కనబడవు. అక్కడ ఇప్పటికీ ఒకటే సంచి.