కదిలే బొమ్మా? కదలాడే బొమ్మా?

ప్రశ్న: నమస్కారం గురువుగారూ. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా అపార్టుమెంటులో ఉండే తెలుగు పెద్దవాళ్లకి ఆదివారాలు కంప్యూటరు నేర్పుతున్నాను. ఈసారి గింప్ అనే బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న గిఫ్‌లు (వాట్సాప్‌లో పంపుకునే కదిలే బొమ్మలు) చేయడం, అంటే దీపం వెలుగుతూ ఉండే కార్తీక శుభాకాంక్షల్లాంటివి. తెలుగులో ఒక కాగితం రాసిచ్చాను. అందులో లూపింగ్ యానిమేషన్‌కి ‘పునరావృత సజీవచిత్రం’, ఫ్రేముకి ‘చట్రం’, లూప్ ఫరెవర్‌కి ‘ఎప్పటికీ లూప్ చేయి’ అని వాడితే ఒక పెద్దాయన “ఇది తెలుగేనా నాయనా” అన్నారు. వీటిని ఎలా రాయాలి? అసలు గిఫ్ అనాలా, జిఫ్ అనాలా? నేను చేసిన దీపం కూడా జత చేశాను, చూడగలరు.

జవాబు: మీ పెద్దాయన మాట కాస్త కటువే గానీ అబద్ధం కాదండీ. ‘సజీవ’ అనే మాట పేపరు చదివే మనిషికి ఎక్కడ తగులుతుంది? సజీవ దహనం, సజీవ సమాధి. దానికి ముందు ‘పునరావృత’ కూడా తగిలించారు, చదువుతుంటే ఎవరో చచ్చి మళ్లీ పుట్టినట్టుంది.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషువాళ్లకి ఇది నోటి గొడవే, మూడక్షరాలు రాసి పడేస్తే చదివేవాడు తనకి తోచినట్టు పలుకుతాడు. మన లిపిలో ఆ వెసులుబాటు లేదు, రాసేటప్పుడే గ అనో జ అనో తేల్చుకోవాలి. 1987లో అమెరికాలో కంప్యూసర్వ్ అనే కంపెనీలో దీన్ని తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ మాత్రం జిఫ్ అనే అన్నాడు, 2013లో ఒక అవార్డు అందుకుంటూ ఆ ముక్కే తెరమీద వేయించి మరీ చూపించాడు. లోకం విన్నదా అంటే సగమే విన్నది. నిఘంటువులు రెండు పలుకుబడులూ ఒప్పుకున్నాయి. కన్నవాళ్లు సుబ్బారాయుడని పేరు పెడితే ఊరు సుబ్బడని పిలవడం మనకేమీ కొత్త కాదు కదా. మనవాళ్ల నోట నేను విన్నది ఎక్కువగా గిఫ్ అనే, కాబట్టి అదే రాయండి.

కాకపోతే దీనికో చిక్కుంది. మన నోరు ఇంగ్లీషు మాట చివర ఉకారం చేర్చందే ఊరుకోదు, బస్ బస్సవుతుంది, కప్ కప్పవుతుంది (ఈ అలవాటు మన పక్కింటి కన్నడంవాళ్లకీ ఉంది, వాళ్లూ బస్సు అనే అంటారు). ఆ లెక్కన గిఫ్ గిఫ్ఫు కావాలి. గిఫ్ఫుకీ గిఫ్టుకీ ఎంత దూరం చెప్పండి? మల్లేశ్వరంలో ఉండే మా అక్కకి ఫోన్లో “గిఫ్ పంపాను, చూడు” అంటే రెండు రోజులు కొరియర్ కోసం ఎదురుచూసి, మూడో రోజు “ఏం పంపావురా, ఇంకా రాలేదు” అని అడిగింది. అందుకని మీ కాగితంలో ‘గిఫ్ బొమ్మ’ అనండి. అలా అంటే గిఫ్టు అనుకునేవాళ్లు ఉండరు. బహువచనం గిఫ్ బొమ్మలు.

ఇక ‘సజీవచిత్రం’ స్థానంలో ఏమనాలి? ‘చలనచిత్రం’ అందామంటే దాన్ని సినిమావాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. చాలామంది ‘కదిలే బొమ్మ’ అంటున్నారు, బాగానే ఉంది, కానీ నాకు ‘కదలాడే బొమ్మ’ ఇంకా నచ్చుతుంది. కదలడం ఒక్కసారి జరిగి ఆగిపోవచ్చు, కుర్చీ కదిలింది అంటే పని అయిపోయింది. కదలాడటం అలా కాదు, అందులో మళ్లీ మళ్లీ అనేది ఉంది: కళ్లముందు కదలాడుతోంది అంటే పోనంటోంది, తిరిగి తిరిగి వస్తోంది అనే కదా. వేలాడు, ఊగులాడు, తారట్లాడు, వీటన్నిటిలోనూ ఆ ‘ఆడు’ చేసే పని చూడండి, ఒకసారి జరిగి ఊరుకునేది ఒక్కటీ లేదు. మీరు పునరావృత అని ముందు అతికించినదాన్ని క్రియ తన తోకలోనే దాచుకుంది. అదీ చాలకపోతే మనకి జంటమాటలున్నాయి: చక్రం గిరగిర, జెండా రెపరెప, దీపం మిణుకుమిణుకు. రెండుసార్లు అనగానే ఆగకుండా జరుగుతోందని చెవికి తెలిసిపోతుంది.

‘చట్రం’ మాత్రం తీసేయండి. ఫ్రేము అనగానే నిఘంటువులో మొదట దొరికిన మాట వేసినట్టున్నారు. చట్రం అంటే చుట్టూ ఉండే కట్టు, కళ్లజోడుకీ తలుపుకీ ఉండేది. ఇక్కడ ఫ్రేము అంటే వరసలో ఒక్కో బొమ్మ, కాబట్టి ఒకటో బొమ్మ, రెండో బొమ్మ అంటే చాలు. ఒకదానిమీద ఒకటి పేర్చే లేయరుని మీరు ‘పొర’ అన్నారు, అది బంగారంలాంటి మాట. గింప్‌లో పొరల వరసే బొమ్మల వరస, అన్నిటికన్నా కిందనున్న పొర ముందు కనిపిస్తుంది. ‘అడుగున ఉన్నదే మొదటి అడుగు’ అని చెప్పండి, పెద్దవాళ్లు మరిచిపోరు. పొర పేరు పక్కన 100 మిల్లీసెకన్లని రాసేచోట ‘ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలి’ అంటే సరిపోతుంది, ‘ఆలస్యం’ వద్దు, ఆలస్యం రైలుకి.

ఇప్పుడు లూపు, అంటే చివరి బొమ్మ అయ్యాక మళ్లీ మొదటికి రావడం. మీ క్లాసులో ఆడవాళ్లు కూడా ఉండే ఉంటారు. అరవై డెబ్భై ఏళ్లు దాటినవాళ్ల చెవిన ‘లూపు’ పడితే గుర్తొచ్చేది యానిమేషన్ కాదు, 1965లో కుటుంబ నియంత్రణ పథకంలో వచ్చిన సాధనం! “లూపు వేయించుకుంది” అనేది మా ఇళ్లలో గుసగుసగా వినబడిన మాట. వాళ్ల పిల్లలకేమో ఇదే బెంగళూరులో లూపు అంటే ఆఫీసు మెయిల్లో పేరు చేర్చడం. ఇన్ని అర్థాలు మోస్తున్న మాట మీ కాగితానికెందుకు, హాయిగా ‘తిరగడం’ ఉండగా? బొమ్మ తిరుగుతుంది, మనం తిప్పుతాం. లూప్ అవుతుందా, లూప్ చేస్తుందా అన్న తంటా కూడా ఉండదు.

‘ఎప్పటికీ లూప్ చేయి’ మెనూలోని ఇంగ్లీషుకి నీడ. ఎప్పటికీ రాడు, ఎప్పటికీ గుర్తుంటుంది అంటాం, బాగుంటాయి. ఒకరికి పని చెబుతూ ‘ఎప్పటికీ రుబ్బు’ అంటామా? ‘ఆగకుండా తిప్పు’ అనండి. బొమ్మని గిఫ్ ఫైలుగా ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేసేటప్పుడు ‘యానిమేషన్‌గా’ అన్న గడిలో టిక్కు పెట్టకపోతే అసలేమీ కదలదు, కాగితంలో ఆ ముక్క రాయడం మరిచిపోయారు. ఒక సరదా సంగతి: ఎన్నిసార్లు తిరగాలో ఫైలు లోపల ఒక అంకె ఉంటుంది, ఆగకుండా తిరగాలంటే అక్కడ వేసేది సున్నా. మనవాళ్లు సున్నని పూర్ణమని, నిండుసున్న అని ఎందుకన్నారో అని నవ్వుకున్నాను.

దీపం చూశాను. వత్తి, ప్రమిద బాగా వేశారు. రంగు మెట్లు మెట్లుగా కనబడటం మీ తప్పు కాదు, గిఫ్‌లో ఒక్కో బొమ్మకి 256 రంగులే దక్కుతాయి. కానీ నాలుగో బొమ్మలో మంట కుడికి వాలి ఉంది, ఒకటో బొమ్మలో ఎడమకి వాలి ఉంది, తిరిగి మొదటికి వచ్చిన ప్రతిసారీ దీపం ఉలిక్కిపడుతోంది. మన కవులు ఒక పాదం చివరి మాటనే పక్క పాదానికి మొదటి మాట చేస్తారు, ముక్తపదగ్రస్తమంటారు, మీకు కావలసింది అదే. లేదా కొత్తగా ఏమీ వేయకుండా రెండు పొరలకి నకలు తీసి 1, 2, 3, 4, 3, 2 అని పేర్చండి, మంట ఉయ్యాలలా పోయి వస్తుంది. చుట్టూ తిరిగే దాన్ని రంగులరాట్నం, పోయి వచ్చే దాన్ని ఉయ్యాల అని క్లాసులో పేర్లు పెట్టుకోవచ్చు కూడా. సరిచేశాక ఇంకోసారి పంపండి, ఈసారి మా అక్కకి ‘గిఫ్ బొమ్మ’ అనే చెప్పి పంపిస్తాను.