పేరున్న విశ్వవిద్యాలయంలో చేరితే వ్యక్తిత్వం వికసిస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి రెండు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లభించింది. ఒకటి ప్రపంచమంతటా పేరున్నది. రెండవదానికి అంత పేరు లేకపోయినా, మేము అనుకుంటున్న శాఖ అక్కడ బాగుంటుందని తెలిసినవారు చెబుతున్నారు. పేరున్న చోట చేరితే చదువుతోపాటు వ్యక్తిత్వం కూడా వికసిస్తుందని బంధువులు పట్టుబడుతున్నారు. మావాడు మితభాషి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీ బంధువులు రెండు వేర్వేరు విషయాలను కలిపి మాట్లాడుతున్నారు. సంస్థ పేరు వల్ల కలిగే లాభం ఒకటి, మనిషిగా ఎదగడం మరొకటి.

మొదటిది కొంతవరకు నిజమే. అమెరికాలోని ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాల సమూహం), స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ వంటి సంస్థలపై ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అక్కడ చదవడం వల్ల సగటు ఆదాయం పెద్దగా పెరగదు. అత్యధిక ఆదాయం గల ఒక్క శాతం మందిలో చేరే అవకాశం మాత్రం గణనీయంగా పెరుగుతుంది. అంతకుముందు 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ ప్రచురించిన పరిశోధనలో, ప్రతిష్ఠాత్మక కళాశాలలో సీటు వచ్చినా వేరే చోట చేరినవారు సంపాదనలో సాధారణంగా వెనుకబడలేదని, తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ కళాశాలల వల్ల మేలు జరిగిందని తేలింది. ఇంట్లో లేని పరిచయాలు, లోకజ్ఞానం ఆ పిల్లలకు అక్కడ దొరుకుతాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

అయితే ఇవి సంపాదన లెక్కలు. మీరు అడిగిన విషయానికి దగ్గరగా వచ్చేది 2014లో గాలప్ అనే అభిప్రాయ సేకరణ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి దాదాపు 30,000 మంది పట్టభద్రులపై జరిపిన సర్వే. చదివిన సంస్థ ఎంత ప్రతిష్ఠాత్మకమైనదన్న దానికి, తర్వాతి జీవితంలో వారు ఎంత తృప్తిగా ఉన్నారన్న దానికి అందులో పెద్ద సంబంధం కనిపించలేదు. తమను మనిషిగా పట్టించుకున్న అధ్యాపకుడు, లక్ష్యాల వైపు ప్రోత్సహించిన మార్గదర్శి, ఒక సెమిస్టరు లేదా అంతకంటే ఎక్కువ కాలం సాగిన ప్రాజెక్టు ఉన్నవారే మెరుగ్గా ఉన్నారు. సర్వే సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని నిరూపించదు. అయినా ఎక్కడ వెతకాలో చెబుతుంది.

మితభాషికి ఇది మరీ ముఖ్యం. ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్ అనే పద్ధతి ఉంది: ఒకరిద్దరు లేదా ముగ్గురు విద్యార్థులు అధ్యాపకుడి ఎదుట కూర్చుని, తాము రాసి తెచ్చిన దాన్ని చర్చించి సమర్థించుకోవాలి. అక్కడ ఎంత బిడియస్థుడైనా నోరు విప్పక తప్పదు. మరోవైపు, వందలమంది కూర్చునే తరగతిలో వెనుక వరుసలో చేరి, ఏ అధ్యాపకుడికీ తన పేరు తెలియకుండానే పట్టా పుచ్చుకుని బయటపడే వీలు గొప్ప సంస్థల్లోనూ ఉంది. కాబట్టి రెండుచోట్లా ప్రస్తుతం చదువుతున్నవారిని అడగండి: మొదటి సంవత్సరం పాఠాలు ఎవరు చెబుతారు? చర్చా తరగతిలో ఎంతమంది ఉంటారు? మీకు సిఫారసు లేఖ రాయగలిగినంత పరిచయం ఉన్న ప్రొఫెసరు ఉన్నారా? రెండవ సంస్థ నుంచే మెరుగైన సమాధానాలు వస్తే, నేనైతే దానివైపే మొగ్గుతాను.

కటువుగా అనిపించినా ఒక మాట చెప్పాలి. మీ లేఖలో బంధువుల అభిప్రాయం ఉంది, తెలిసినవారి అభిప్రాయం ఉంది, మీ అబ్బాయి అభిప్రాయం మాత్రం ఎక్కడా లేదు.

ప్రశ్న: పాఠశాలలో ఎప్పుడూ నేనే ప్రథమురాలిని. ఇప్పుడు ఒక ప్రసిద్ధ విశ్వవిద్యాలయంలో చేరాక అందరికంటే వెనుకబడ్డాను. పొరపాటున నాకు సీటు ఇచ్చారేమో అనిపిస్తోంది.
– ఒక విద్యార్థిని

జవాబు: ప్రతిభావంతుల్లో కనిపించే ఈ భావనను మనస్తత్వవేత్తలు పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లోనే వర్ణించారు. సమాన సామర్థ్యం ఉన్నా, మెరికల మధ్య చదివే విద్యార్థి తన తెలివిని తక్కువగా అంచనా వేసుకుంటాడని మరో మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ పాఠశాల విద్యార్థులపై జరిపిన పరిశోధనల్లో చూపారు. మారింది మీ తెలివి కాదు, మీరు పోల్చుకుంటున్న మనుషులు. ఎంఐటీలో మొదటి సెమిస్టరులో తప్పిన సబ్జెక్టును బయటికిచ్చే మార్కుల పత్రంలో చూపరు. కొత్తగా వచ్చినవారు తడబడతారని ఆ సంస్థకు తెలుసు. ప్రొఫెసరు విద్యార్థుల కోసం కేటాయించిన వేళల్లో వెళ్లి, అర్థంకాని ఒక్క అంశాన్ని అడిగి చూడండి. దిగులు వారాల తరబడి సాగి నిద్ర, ఆకలి దెబ్బతింటే మాత్రం ఆలస్యం చేయకుండా విశ్వవిద్యాలయంలోని కౌన్సెలరును కలవండి.