శ్రావణికి, గోడల గురించి

చి. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు.

మంచి టెక్స్చర్లు, అంటే బొమ్మకి గరుకుదనం ఇవ్వడానికి వాడే గోడల, కాగితాల ఫోటోలు, దొరికే సైటు చెప్పమన్నావు. సైట్లు నాకంటే నీకే ఎక్కువ తెలుసు. మొన్న నువ్వు పంపిన కవర్ పేజీ చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. అక్షరాలు కుదిరాయి, రంగులు కుదిరాయి. కానీ కథ పల్నాడుది, వెనక గోడేమో సన్న ఇటుకలతో ఏ లండన్ సందులోదో. మాచర్ల వైపు ఇళ్లకి నాపరాయి కదమ్మా వాడేది! చదివేవాళ్లకి ఏది తేడాగా ఉందో పేరు పెట్టి చెప్పడం రాకపోవచ్చు. ఎక్కడో తేడా కొట్టిందని మాత్రం తెలిసిపోతుంది. అందుకే నీ గోడలు నువ్వే ఏరుకో. చేతిలో ఫోన్ చాలు.

అన్నిటికన్నా ముందు ఎండ సంగతి. తూర్పు ముఖం గోడని పొద్దున్నే తీశావనుకో, ఎండ నేరుగా మొహాన కొడుతుంది. పెచ్చులు, గీతలు, గుంటలు ఏవీ కనపడవు, అంతా చదును. అదే గోడ దగ్గరికి పదకొండున్నరకి వెళ్లు. ఎండ పైనుంచి గోడని రాసుకుంటూ దిగుతుంటుంది. లేచిన ప్రతి సున్నం పెచ్చు కిందా సన్నని నీడ పడి, తాపీ ఈడ్చిన గీతలు కూడా తేలతాయి. నేలకి లెక్క తిరగబడుతుంది. నల్లరేగడి నెర్రెలు పొద్దునా సాయంత్రం బాగుంటాయి, మధ్యాహ్నం చప్పగా ఉంటాయి. గరుకు అక్కర్లేదు, మరకా రంగూ చాలు అనుకుంటే మబ్బు పట్టిన రోజు తియ్యి. నీడ ఏ వైపు పడిందో గుర్తుపెట్టుకో. బొమ్మలో మనిషికి కుడి నుంచి వెలుగు, గోడకి ఎడమ నుంచి వెలుగు ఉంటే చూసే కన్ను ఇబ్బంది పడుతుంది.

గోడకి ఎదురుగా, ఫోన్ ఏ పక్కకీ వాలకుండా పట్టుకో. మరీ దగ్గరికి పోతే అంచులు సాగుతాయి. రెండడుగులు వెనక్కి జరిగి, టూ ఎక్స్ లెన్స్ ఉంటే అదే వాడు. ఫ్లాష్ వద్దు. ఇంకొకరి ఇల్లయితే అడిగి తియ్యి. ఒకసారి నేను అడక్కుండా తీస్తుంటే ఒక ముసలామె ఇంటిపన్ను పెంచడానికి వచ్చాననుకుని చీపురుతో బయటికొచ్చింది.

ఇక నా పరువు పోయిన కథ. ఒక చీరల కొట్టుకి నలభై అడుగుల హోర్డింగ్ చేశాను, వెనక పాత గోడ. నా దగ్గర ఉన్నది చిన్న ముక్క, దాన్నే పక్కపక్కన పేర్చాను. అతుకులు కనపడకుండా రాత్రంతా కూర్చున్నాను. తీరా హోర్డింగ్ లేచాక ఓనరు కింద నిలబడి, "తమలపాకు లాంటి ఆ మరక పదకొండు చోట్ల ఉందేంటి గురువుగారూ?" అన్నాడు. అతుకు ఒక్కటీ కనపడలేదు, మరక మాత్రం ఊరంతా చూసింది. అందుకే ముందు కంటికి కొట్టే మరకలు, పెద్ద పగుళ్లు తీసెయ్యి. తర్వాత ఫోటోషాప్‌లో ఆఫ్‌సెట్ ఫిల్టర్ పెట్టి వెడల్పులో సగం, ఎత్తులో సగం జరుపు. అంచులు మధ్యకొచ్చి కలుస్తాయి, ఆ అతుకుని హీలింగ్ బ్రష్‌తో సరిచెయ్యి. నాలుగు వరసలు పేర్చి, కళ్లు చికిలించి దూరం నుంచి చూడు. ఏదైనా చుక్కలు చుక్కలుగా లెక్కకి దొరికిందంటే ఇంకా పని ఉన్నట్టే.

అన్నీ ఫోటోలే కానక్కర్లేదు. చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ల పెట్టి పెన్సిల్‌తో రుద్దేదానివి గుర్తుందా? జర్మనీలో పుట్టిన మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు 1925లో చెక్క నేల మీద కాగితం పరిచి అలాగే రుద్దాడు. దానికి ఫ్రొటాజ్ అని పేరు. నువ్వు పల్చటి కాగితం, నల్ల మైనం క్రేయాన్ పట్టుకుని చింతచెట్టు దగ్గరికి పో. ఆ బెరడు ముందు ఏ రెడీమేడ్ బ్రష్ ఆగుతుంది! డ్రాయింగ్ కాగితం మీద టీ డికాక్షన్ పోసి, తడి ఆరకముందే నాలుగు ఉప్పురాళ్లు చల్లి చూడు. జిరాక్స్ షాపులో ఒక గీతని పెద్దది చేయించి, దాన్నే మళ్లీ మళ్లీ పెద్దది చేయించు. ఆరోసారికి గీత విరిగి ఇసుకలా అవుతుంది. షాపువాడు నిన్ను అదోలా చూస్తాడు, పట్టించుకోకు.

వీటిని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చెయ్యి. ఏ4 కాగితం దాదాపు 4,960 × 7,016 పిక్సెళ్లు వస్తుంది. పొడవూ వెడల్పూ రెండింతలు చేసి అచ్చేసినా అంగుళానికి 300 చుక్కలకి తగ్గదు. స్కానర్‌లో ఆటో కరెక్షన్ తీసెయ్యి, లేకపోతే కాగితం గరుకంతా తెల్లగా తుడిచేస్తుంది. నలుపు తెలుపులో దాచుకుని ఫోటోషాప్‌లో బొమ్మ మీద పొరగా వేస్తే, మల్టిప్లై అనే పద్ధతిలో తెలుపు మాయమవుతుంది, స్క్రీన్ అనే పద్ధతిలో నలుపు మాయమవుతుంది. ఒక్క రుద్దుడుతో రెండు పనులు.

టైటిల్ అక్షరాల మీద ఈ గరుకు వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు పెద్దక్షరాలని ఎంత చెరిపినా చదవొచ్చు. మన ప, వ మధ్య తేడా తలకట్టు అంటిందా లేదా అన్నదే. ఒక్క మచ్చ అక్కడ పడితే "పగలు" కాస్తా "వగలు" అవుతుంది. "ధ" కింద గీత చెరిగితే "ద" మిగులుతుంది. గరుకు పడకుండా అడ్డుపెట్టే మాస్క్ వేసి ఆ చోట్లు కాపాడుకో.

సినిమా పోస్టర్లు పొరలు పొరలుగా చిరిగిన గోడలు నాకూ ఇష్టమే. కానీ హీరో మొహం, ఇంకొకరు వేసిన బొమ్మ పడకుండా చిరుగుల వరకే తీసుకో. డౌన్‌లోడ్ చేసినవైతే వ్యాపారానికి వాడొచ్చో లేదో లైసెన్సు చదువు. ఫైలుకి "మాచర్ల నాపరాయి, సాయంత్రం, ఎడమ వెలుగు" అని పేరు పెట్టు. అసలు ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చెయ్యకు.

మన పాతింటి పెరటి గోడ కొట్టేసి షెడ్డు వేయిస్తానంటున్నాడు మీ బాబాయి. నాన్నగారి కాలం నుంచి నీలిమందు కలిపిన సున్నం పొర మీద పొర ఉంది దానికి. ఉగాది వరకు ఆగమన్నాను. ఈలోపు ఒక ఆదివారం రా. అది తూర్పు ముఖమే, పదకొండున్నర కల్లా నిచ్చెన వేసి ఉంచుతాను.

పెదనాన్న