శాట్ స్కోరు ఎక్కడ పంపాలి, ఎక్కడ దాచుకోవాలి

చిట్టీకి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో నీకు 1600కి 1410 వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మ్యాథ్స్ 760, ఇంగ్లీషు 650 అట. చాలా సంతోషం. ద్వారకానగర్‌లో మీరు వెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు లిస్టులో ఉన్న కాలేజీలన్నిటికీ ఆ స్కోరు పంపేద్దాం అన్నారట. అక్కడ కాస్త ఆగు.

మనకి ఎంసెట్ అలవాటు. ర్యాంకు వచ్చిందంటే అందరికీ అదే లెక్క. అమెరికాలో ఏ కాలేజీ పద్ధతి దానిదే. ఎంఐటీ 2022లో స్కోరు మళ్ళీ తప్పనిసరి అంది. డార్ట్‌మత్, హార్వర్డ్ 2024లో అదే దారి పట్టాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లైతే అడ్మిషన్‌కి స్కోరు చూడనే చూడవు, 1600 వచ్చినా సరే. వీటితో నీకు పేచీ లేదు. తల బద్దలు కొట్టుకోవాల్సింది స్కోరు పంపడం 'మీ ఇష్టం' అనే కాలేజీల దగ్గరే.

అలాంటి కాలేజీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని కొట్టి వెతుకు, అది కాలేజీ తన అడ్మిషన్ల లెక్కలు పెట్టే పత్రం. అందులో సి9 అనే భాగంలో, కొత్తగా చేరిన పిల్లల 25వ, 75వ పర్సంటైల్ స్కోర్లు ఉంటాయి. అంటే స్కోరు ఇచ్చినవాళ్ళలో పాతికమంది శాతం మొదటి అంకె కంటే కింద, పాతికమంది శాతం రెండో అంకె కంటే పైన ఉన్నట్టు. ఉదాహరణకి 1330, 1480 అని ఉందనుకో. నీ 1410 మధ్యలో పడింది, కళ్ళు మూసుకుని పంపు. 1430, 1530 అని ఉంటే? చాలామంది వద్దంటారు. నేను పంపమంటాను. తక్కువ వచ్చినవాళ్ళు స్కోరు ఇవ్వరు కాబట్టి ఆ అంకెలు ఎలాగూ కాస్త ఉబ్బి ఉంటాయి. పైగా మన ఇంటర్‌లో వెయ్యికి 970 అంటే ఎంత గొప్పో అక్కడ ఫైలు చదివేవాళ్ళకి ఏం తెలుస్తుంది? నీ 760 చూస్తే వెంటనే అర్థమవుతుంది, అందులోనూ నువ్వు అడుగుతున్నది ఇంజనీరింగ్. అదే 25వ పర్సంటైలే 1500 అయితే మాత్రం దాచుకో.

డిసెంబరులో మళ్ళీ రాస్తానంటున్నావుగా, ఇంగ్లీషు మీదే కూర్చో. చాలా కాలేజీలు రెండు పరీక్షల్లోంచి ఏ సెక్షన్‌లో ఎక్కువ వస్తే అది తీసుకుంటాయి. మ్యాథ్స్ తగ్గినా నీ 760 ఎక్కడికీ పోదు.

డబ్బు సంగతి. పరీక్షయ్యాక తొమ్మిది రోజుల్లోపు నాలుగు కాలేజీలకి రిపోర్టు ఉచితం, ఆ తర్వాత ఒక్కోదానికి ఫీజు. కానీ చాలాచోట్ల అప్లికేషన్‌లో నువ్వే స్కోరు రాస్తే సరిపోతుంది, అధికారిక రిపోర్టు సీటు వచ్చి చేరేటప్పుడు అడుగుతారు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో ఇది చూసుకున్నాకే కార్డు గీకించు.

ఇంకో ముఖ్యమైన సంగతి, పేరు. టెన్త్ మెమోలో నీ ఇంటిపేరు ముందు అతుక్కుని ఉంది, పాస్‌పోర్టులో విడిగా ఉంది. శాట్ ఖాతాలోనూ అప్లికేషన్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే స్కోరు వెళ్తుంది గానీ నీ ఫైలు దగ్గరికి చేరదు. పాస్‌పోర్టులోనే తప్పుంటే ఇప్పుడే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళండి, జనవరి గడువులు ముంచుకొచ్చాక కాదు.

అన్నట్టు, ఆ ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారు? కన్సల్టెన్సీ వాళ్ళదైతే ఈ రోజే నీదానికి మార్పించుకుని, పాస్‌వర్డ్ నీ దగ్గరే పెట్టుకో.

పెదనాన్న
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం