కాఫీని పోటీకి పంపాలా అని అడిగిన మేనల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. చింతపల్లి రైతుల కాఫీని పోటీకి పంపుదామంటే, ప్రైజు రాకపోతే పరువు పోతుందని సగంమంది వెనక్కి లాగుతున్నారన్నావు. పంపండి. ప్రైజు కోసమే పంపేవాడు రెండేళ్లలో విసిగిపోతాడు, దాని సంగతి పక్కన పెట్టు. పోటీలో రైతుకి నిజంగా దక్కేది తన గింజకి ఒక స్కోరు, ఆ గింజ నచ్చి కొనేవాళ్లతో పరిచయం. ఈ రెండూ ఉంటే మిగతా పంటకి ఇంత కావాలని అడిగే నోరు వస్తుంది.

మన కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాలు నువ్వు చిన్నప్పటి నుంచి చూసినవే. ఆంధ్రలో పొగాకు బోర్డు వేలం మొదలైంది 1985లో. అంతకుముందు వ్యాపారి ఆకు చూసి ఎంతంటే అంత, డబ్బు ఎప్పుడిస్తే అప్పుడు. వేలం వచ్చాక కష్టాలు తీరిపోయాయని నేను అనను, ఎవరూ పాడక నో బిడ్ అయిన బేళ్లు, అంటే ఆకు కట్టలు, వెనక్కి తెచ్చుకునే రైతుల్ని నువ్వూ చూశావు. కానీ ఏ బేలుకి ఏ గ్రేడు పడింది, ఎవరు ఎంతకి పాడారు అన్నది పక్క రైతుకి కూడా తెలుస్తుంది, అది చిన్న విషయం కాదు.

కాఫీలో చాలాకాలం ఆ మాత్రం కూడా లేదు. అరబికా ధర న్యూయార్క్ మార్కెట్‌ని బట్టి నడుస్తుంది, నీ తోట రుచితో దానికి పనిలేదు. 2001లో ఆ ధర పౌండుకి 50 సెంట్ల కిందకి పడిపోయినప్పుడు నేను కర్ణాటకలో కాఫీ గింజ పొట్టు తీసి గ్రేడు చేసే క్యూరింగ్ వర్క్స్‌లో పనిచేస్తున్నాను. ఎర్రపండు మాత్రమే ఏరి కోసి తయారుచేసిన పార్చ్‌మెంట్ (తొక్క తీసి ఆరబెట్టిన, పైపొట్టు ఉన్న గింజ) తెచ్చినవాడికీ, పచ్చివీ పండినవీ కలిపి దూసి తెచ్చినవాడికీ దాదాపు ఒకటే రేటు కట్టడం చూసి కడుపు మండేది. మరి ఏరి కోయమని ఏ మొహంతో చెప్తాం?

ఇలాంటి పద్ధతికి విరుగుడుగానే అప్పటికి రెండేళ్ల ముందు, 1999లో, బ్రెజిల్‌లో కప్ ఆఫ్ ఎక్సలెన్స్ పోటీ మొదలైంది. సాంపిల్ మీద రైతు పేరుండదు, నంబరే ఉంటుంది. ముందు ఆ దేశం జడ్జీలు, తర్వాత విదేశీ జడ్జీలు మళ్లీ మళ్లీ రుచి చూసి 100కి మార్కులు వేస్తారు. గెలిచిన లాట్లు, అంటే ఆ సాంపిల్ తీసిన బస్తాలు, ఇంటర్నెట్‌లో వేలానికి వెళ్తాయి, వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం రైతుకే. పెద్ద ఎస్టేటా రెండెకరాల తోటా అని జడ్జీకి తెలిసే దారి లేదు చూడు, చిన్న రైతుకి అదే పెద్ద బలం. ఇథియోపియాలో 2020లో మొదటిసారి ఈ పోటీ పెడితే గెలిచిన లాటు పౌండు 185 డాలర్లకి పోయింది.

పనామా సంగతి ఇంకా బాగా అర్థం చేసుకోవాలి. 2004లో అక్కడి బెస్ట్ ఆఫ్ పనామా వేలంలో ఎస్మరాల్డా తోటవాళ్ల గెయిషా అనే రకం కాఫీ పౌండు 21 డాలర్లు పలికింది, అప్పటికి అది రికార్డు. గెయిషా చెట్లు ఆ తోటలో అంతకుముందు నుంచే ఉన్నాయి, కాకపోతే వాటి కాయ మిగతా కాయలో కలిసిపోయేది. తోటని ముక్కలుగా చూసుకుని, ఏ ముక్క కాయ ఎలా ఉందో విడివిడిగా రుచి చూస్తేనే అది బయటపడింది. 2019 నాటికి అదే పోటీలో ఇంకో తోట గెయిషా 1,029 డాలర్లకి చేరింది. ఈ అంకెలు మాత్రం రైతుల మీటింగ్‌లో చెప్పకు. ఆ ధర పలికేది నాలుగు బస్తాలకే, ఊరంతా అదే లెక్క వేసుకుని అప్పులు చేస్తే నిన్నే పట్టుకుంటారు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని విడదీయడం. బాగా ఎత్తులో, మంచి నీడలో ఉన్న రెండు మూడు తోటలు ఎంచుకుని వాటి కాయ వేరుగా కోయించు. ఎర్రపండు మాత్రమే, కోసిన రోజే తొక్క తీసే పల్పర్ యంత్రానికి, ఏ తేదీ కోత ఏ తొట్టిలో ఎన్ని గంటలు పులిసిందో నోట్‌బుక్‌లో రాయించు. నేల మీద కాకుండా ఎత్తుగా కట్టిన వల బల్లల మీద ఆరబెట్టండి, తేమ 11 శాతం దగ్గరికి రావాలి, పంటి కింద కొరికి చూసి సరిపోయిందనుకోవద్దు, మీటర్ కొనండి. పోటీకి అన్నిటికన్నా నచ్చిన గింజలు ఏరి పంపుదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకు. బేలు పైన మంచి ఆకు పేర్చి లోపల నాసి ఆకు దాచినవాడికి మన దగ్గర ఏం జరుగుతుందో తెలుసుగా, ఇక్కడా అంతే. సాంపిలూ లాటూ ఒకటి కాదని తేలితే మీతో పాటు మీ ఊరి పేరు కూడా పోతుంది.

ఫలితం వచ్చాక ర్యాంకు కంటే ముందు స్కోరు షీటు చదువు. 80కి చేరితే స్పెషాలిటీ, అంటే మేలురకం కాఫీ, కిందకి వస్తుంది, దాన్ని పట్టుకుని బేరం మొదలుపెట్టొచ్చు. ఒక్కో సాంపిల్‌కి ఐదు కప్పులు పెడతారు. నాలుగు బాగుండి ఒకటి తేడాగా ఉందంటే ఎక్కడో మరీ పులిసిపోయిన గింజలు కలిసి ఉండొచ్చు, ఆ తొట్టి ఏదో నోట్‌బుక్ చెప్తుంది. ఊరికే చేదుగా ఉందని తిరగ్గొట్టే వ్యాపారి ఈ వివరం ఎప్పటికీ చెప్పడు.

డబ్బు పంపకం ముందే కాగితం మీద రాసుకోండి. ఐదారుగురి కాయ కలిపి ఒక లాటు చేస్తే ఎవరిది ఎన్ని కిలోలు, ఎక్కువ ధర వస్తే గ్రూపు ఖర్చుకి ఎంత, రైతుకి ఎంత అన్నది కోతకి ముందే తేలాలి. ధర వచ్చాక కూర్చుంటే అన్నదమ్ములు కూడా మాట్లాడుకోరు. ఇంకొకటి, మొత్తం పంట పోటీకని ఆపుకోవద్దు. కొన్ని బస్తాలు పక్కన పెట్టి మిగతాది గిరిజన సహకార సంస్థ జీసీసీకో, మామూలుగా ఇచ్చేవాళ్లకో ఇచ్చేయండి. ఇంటి ఖర్చులు జడ్జీల కోసం ఆగవు.

అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, ఇంక పోటీ ఎందుకని ఒకాయన అన్నాడన్నావు. ఆ గుర్తింపు ప్రాంతానికి. ఆయన బస్తాలో ఏముందో అది చెప్పదు, కొనేవాడు అడిగేది ఆ బస్తా గురించే. విదేశీ వేలాల జోలికి ఇప్పుడే పోకండి, కాఫీ బోర్డు ఏళ్లుగా ఫ్లేవర్ ఆఫ్ ఇండియా ఫైన్ కప్ అవార్డు లాంటి పోటీలు పెడుతూ వస్తోంది, ముందు అలాంటిదానికి పంపి మీ స్కోరు ఎక్కడుందో చూసుకోండి. అక్కడికి వచ్చే రోస్టర్ల, అంటే గింజ కొని వేయించి అమ్మేవాళ్ల, ఫోన్ నంబర్లు తీసుకో, గెలిచినా గెలవకపోయినా ఆ లాటు సాంపిల్ వాళ్లకి పంపు. ఒకసారి కొని బాగుందన్నవాడు మరుసటి ఏడాది వేలం లేకుండానే ఫోన్ చేస్తాడు, ఆ ఫోన్ మొదలయ్యాకే రైతులు నీ మాట వింటారు.

ఈసారి మొదటి కోత ఆరగానే మూడు తోటలవీ తలా అర కిలో నాకు పంపు, ఒంగోలు బస్సులో పార్సిల్ వేస్తే చాలు. పార్చ్‌మెంట్‌గానే పంపు, వేయించొద్దు. సంచుల మీద రైతుల పేర్లు రాయకు, నంబర్లు వేయి.

మీ మామ