చేతిలో ఆఫర్ ఉంది, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్. ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. మా అబ్బాయి ఈ ఏడాదే బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాడు. క్యాంపస్‌లో ఒక పెద్ద సర్వీస్ కంపెనీ (వేరే కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది) మూడున్నర లక్షల ప్యాకేజీకి తీసుకుంది. ఇప్పుడేమో ‘సర్వీస్‌లో చేరితే అక్కడే ఆగిపోతాను, ఇప్పుడంతా ప్రొడక్ట్ మైండ్‌సెట్ ఉన్నవాళ్ళదే’ అంటూ 2 లక్షల 70 వేలు పెట్టి ఆన్‌లైన్‌లో ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తానంటున్నాడు. చదువు పాడవుతుందని వాణ్ణి ఏనాడూ షాపులో కూర్చోనివ్వలేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మా షాపుకే ఖాతా యాప్ చేశాడు. మార్కులు బాగా వచ్చాయి గానీ మేము ఒక్కరోజు కూడా వాడలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. సర్వీస్ ఉద్యోగమా, సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రొడక్ట్ కంపెనీ కోసం ఆగడమా, ఈ కోర్సా? మూడూ పోల్చి చెప్పండి. సీటు పోతుందని 10 వేలు అడ్వాన్స్ కట్టేశాం, మిగతాది ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారు.

జవాబు: అయ్యా, బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ మధ్య సగం ఇవే. కోర్సు పేరు మారుతుంది, ఫీజు మారుతుంది, టెన్షన్ మాత్రం ఒక్కటే. మీకు నిద్ర పట్టనిది కోర్సు వల్ల కాదు. లక్షలు పోసి చదివించాం, తీరా ఇంటికొచ్చి కూర్చుంటాడేమో, నలుగురూ అడిగితే ఏం చెప్పాలి అన్నదే మీ భయం. అందులో తప్పేమీ లేదు. 2022 బ్యాచ్ పిల్లలకు కొన్ని కంపెనీలు ఆఫర్ లెటర్లు ఇచ్చి నెలల తరబడి చేర్చుకోకపోవడం అందరూ చూశారు. ఇప్పుడు ఏఐ భయం దానికి తోడైంది. అయినా మీవాడి చేతిలో ఆఫర్ ఉంది. వచ్చే చెడంతా ముందే ఊహించుకుని దాన్ని కాదనుకోవాల్సిన పని లేదు. జాయినింగ్ తేదీ వస్తే చేరమనండి. మీ పోలికలో మొదటి రెండింటికీ నా జవాబు ఇంతే. ప్రొడక్ట్ కంపెనీ కోసం ఇంట్లో కూర్చుని ఆగక్కర్లేదు, ఉద్యోగం చేస్తూ కూడా ఆగొచ్చు.

ఇక కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, కాస్త వివరంగా చెబుతాను.

ప్రొడక్ట్ మేనేజర్ అంటే ఏం తయారు చేయాలో, ఏది మానేయాలో తేల్చే మనిషి. కోడ్ వేరేవాళ్ళు రాస్తారు, అమ్మేది వేరేవాళ్ళు, వాళ్ళెవరూ ఇతని కింద పనిచేయరు. కానీ ఫలితానికి జవాబు చెప్పాల్సింది ఇతనే. అలాంటి కుర్చీలో 22 ఏళ్ళ పిల్లాణ్ణి ఏ కంపెనీ అయినా ఎందుకు కూర్చోబెడుతుంది? గూగుల్ 2002లో అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ అని కొత్తవాళ్ళ కోసమే ఒక పద్ధతి మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని కంపెనీలూ పెట్టాయి. అవి తీసుకునేది కొద్దిమందిని, అదీ ఎక్కువగా పేరున్న కాలేజీల నుంచి. మిగతా చోట్ల ఈ పని లోపలివాళ్ళకే దక్కుతుంది. కొన్నేళ్ళు కోడ్ రాసినవాళ్ళు, సపోర్ట్‌లో కస్టమర్ల తిట్లు తిన్నవాళ్ళు, సేల్స్‌లో తిరిగినవాళ్ళు ఇలా మారుతుంటారు. సర్టిఫికెట్ల సంగతా? స్క్రమ్ అని సాఫ్ట్‌వేర్ టీములు చిన్న విడతల్లో పనిచేసే పద్ధతి ఒకటుంది. స్క్రమ్ ప్రొడక్ట్ ఓనర్ పేరుతో దొరికే బాగా పేరున్న సర్టిఫికెట్ ఒకదానికి రెండు రోజుల క్లాసు చాలు, పరీక్ష కూడా ఉండదు. ఆ క్లాసులో చెప్పేది తప్పని కాదు. అనుభవం ఉన్నవాడికి అది పనికొస్తుంది. లేనివాడికి కొత్త మాటలు వస్తాయి, అంతే.

ఈ ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌తో పుట్టిందని మీవాడు అనుకుంటూ ఉండవచ్చు. దీని మూలాలు వెతికేవాళ్ళు 1931లో సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో నీల్ మెకెల్‌రాయ్ అనే ఉద్యోగి రాసిన ఒక మెమో దగ్గర ఆగుతారు. ఒక్కో సబ్బుకు ఒక్కో మనిషి బాధ్యుడిగా ఉండాలని, అతను స్వయంగా ఊళ్ళు తిరిగి దుకాణదారులతో, వాడేవాళ్ళతో మాట్లాడాలని అందులో ఉంది.

దుకాణదారుడి మాట వచ్చింది కాబట్టి మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన వాక్యానికి వస్తాను. ‘మేము ఒక్కరోజు కూడా వాడలేదు.’ ఎందుకు వాడలేదో మీరు రాయలేదు. వాడికైనా చెప్పారా? చెప్పి ఉండరు. పిల్లాడు నొచ్చుకుంటాడని బాగుందిరా అని ఊరుకుని ఉంటారు.

మీ షాపు నేను చూడలేదు గానీ ఎరువుల షాపు పని కొంత తెలుసు. తొలకరి పడింది. యూరియా కోసం జనం వరస కట్టారు. 2018 నుంచి దేశమంతా సబ్సిడీ ఎరువు పాస్ మిషన్ మీదే అమ్మాలి. ఆధార్ నంబరు కొట్టాలి, వేలిముద్ర పడాలి. మట్టిపని చేసిన వేలు ఒక పట్టాన పడదు. నాలుగుసార్లు తుడిచి పెట్టిస్తే గానీ 45 కిలోల బస్తా కదలదు. అది మొదటి ఎంట్రీ. అరువు కాబట్టి పద్దు పుస్తకంలో పేరు, తండ్రి పేరు, ఊరు, బస్తాలు రాసుకోవాలి. అది రెండోది. ఇప్పుడు మీవాడి యాప్ తెరిచి మళ్ళీ అవే వివరాలు మూడోసారి కొట్టాలి. వరసలో వెనకున్నవాళ్ళు ఊరుకుంటారా? పైగా ఇలాంటి యాప్‌లు ఖాతా తెరవాలంటే మొబైల్ నంబరు తప్పనిసరి అంటాయి. సబర ఇంటిపేరుతో, ఒకే పేరుతో, పక్కపక్క ఊళ్ళ నుంచి ముగ్గురు నలుగురు వస్తారు. వాళ్ళలో ఇద్దరికి ఫోనే ఉండదు. ఉన్నవాళ్ళు ఏటా నంబరు మారుస్తారు. మీరు మనిషిని చూసి గుర్తుపడతారు, యాప్ గుర్తుపట్టదు.

మీవాడు యాప్‌లో లాగిన్ పెట్టి ఉంటాడు, రంగురంగుల గ్రాఫులు పెట్టి ఉంటాడు, మార్కులు వాటికే వచ్చి ఉంటాయి. వాడు కోర్సులో నేర్చుకుంటానంటున్న ప్రొడక్ట్ మైండ్‌సెట్ ఈ వరస దగ్గర, మీ కౌంటర్ పక్కన వారం రోజులు నిలబడితే మొదలవుతుంది. ఏమేం ఫీచర్లు పెట్టాలి అన్న ప్రశ్న పక్కకు పోయి, రాత్రి షట్టర్ దించాక నాన్న ఏ పని దగ్గర విసుక్కుంటున్నాడు అన్నది ముందుకొస్తుంది. మీ బాధ రాసుకోవడంలో ఉండకపోవచ్చు, వసూలులో ఉండొచ్చు. పత్తి చేతికొచ్చాక ఎవరు ఎంత బాకీ, ఏ సంత రోజున ఏ ఊరివాళ్ళు గుణుపూర్ వస్తారు, ఆ పూట ఎవర్ని అడగాలి అన్న జాబితా చాలేమో. పద్దు పుస్తకం పేజీని ఫోన్‌తో ఫోటో తీసి ఊరివారీగా సర్దితే సగం పని అయిపోతుందేమో. ఆ యాప్ చూడ్డానికి ఏమీ బాగుండకపోవచ్చు. సంక్రాంతి నాటికి మొండిబాకీ ఎంత తగ్గింది అన్నదే దానికి మార్కు. ఒకవేళ ఖాతాబుక్ లాంటి ఉచిత యాప్ చాలు, కొత్తది రాయక్కర్లేదు అని తేలినా, అదీ ప్రొడక్ట్ ఆలోచనే.

ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగానే అనాలి. షాపులో కూర్చోనివ్వలేదని గొప్పగా రాశారు. వాడి ఎదురుగా వాడేవాళ్ళు రోజూ వచ్చి పోతుంటే, వాళ్ళ మొహం చూడకుండా తలుపేసి చదివించారు. ఫోన్ చేసినప్పుడల్లా ప్యాకేజీ ఎంత, పక్కింటి అబ్బాయికి ఎంత అని తప్ప, నువ్వు చేస్తున్నది ఎవరికి పనికొస్తుందిరా అని ఎప్పుడైనా అడిగారా? పిల్లలు ఫ్యాషన్ పేర్ల వెంట పడుతున్నారని మనమే అంటాం, ఆ పేర్లను పెళ్ళిళ్ళలో చెప్పుకునేదీ మనమే.

కంపెనీల్లో టీములూ మీవాడి ప్రాజెక్టు లాగే నడుస్తుంటాయి. రెండు వారాలకో స్ప్రింట్ అనే పని విడత, ఎన్ని టికెట్లు (అప్పగించిన పనులు) మూశారన్న లెక్క. సేల్స్ వాళ్ళు డీల్ కోసం ఏదో ఒప్పుకుని వస్తారు, ‘క్లయింట్ అడిగాడు’ అనగానే చర్చ ముగుస్తుంది. రిలీజ్ అయిన నెల తర్వాత దాన్ని ఎంతమంది వాడుతున్నారని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు తక్కువ. సర్వీస్ కంపెనీకి డబ్బు మనుషుల గంటల లెక్కన వచ్చేటప్పుడు ఆ ప్రశ్న అడిగే అవసరమూ తక్కువే. ఆ విషయంలో మీవాడి అనుమానం నిజమే. మొదటి ఏడాదిలో ‘ఈ ఫీచర్ ఎందుకు’ అని క్లయింట్‌ను నిలదీయనిస్తారని నేను చెప్పను.

కానీ అక్కడ చేయగలిగినవి ఉన్నాయి. పిల్లలందరూ భయపడేది ‘సపోర్ట్ ప్రాజెక్టులో పడేస్తారు’ అని. వాడే మనిషి గోడు మొదట వినపడేది అక్కడే. ఒకే ఫిర్యాదు వారంలో ఎన్నిసార్లు వచ్చింది, ఏ స్క్రీన్ దగ్గర జనం ఆగిపోతున్నారు అని రాసుకుని, మూడు నెలల తర్వాత ఒక పేజీ నోట్ తయారుచేసి మేనేజర్‌కు చూపించమనండి. క్లయింట్‌కు ఏం కావాలో రాసిపెట్టే బిజినెస్ ఎనలిస్ట్ పక్కన కూర్చుని ఒక్కో కోరిక వెనక ఎవరున్నారో అడగమనండి. ఒక్క జాగ్రత్త: సపోర్ట్‌లో రెండేళ్ళు కోడ్ ముట్టకుండా ఉంటే ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూలో డేటా స్ట్రక్చర్ల లాంటి కోడింగ్ ప్రశ్నల దగ్గరే ఆపేస్తారు. రోజూ గంటయినా ప్రాక్టీస్ ఉండాలి.

‘మన ఊరి పిల్లాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం’ అన్న దిగులు కూడా మీకుండే ఉంటుంది. రెడ్‌బస్ సంగతి వాడికి చెప్పండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామ, అతని స్నేహితులు మొదలుపెట్టిన కంపెనీ అది. వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటున్న ఇంజనీర్లు. టికెట్ ఎందుకు దొరకలేదో తెలుసుకోవడానికి ఏజెంట్ల దగ్గరికి, బస్సు యజమానుల దగ్గరికి తిరిగారు. మీవాడు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాలేజీలో హిందీ మాట్లాడి పెరిగి ఉంటాడు. వాడేవాళ్ళతో వాళ్ళ భాషలో కూర్చుని మాట్లాడగలగడం ఈ పనిలో చాలా అక్కరకొస్తుంది. ఇంగ్లీషు ఉద్యోగంలో చేరాక ఏడాదిలో సర్దుకుంటుంది, దాని గురించి ఇప్పుడే బెంగపడకండి.

జాయినింగ్ దాకా ఖాళీయే కదా, ఈ వానాకాలం వాణ్ణి షాపుకు తీసుకెళ్ళండి. యాప్ ఎందుకు వాడలేదో మొహమాటం లేకుండా చెప్పండి. వాడు దాన్ని మార్చి రాసి, మీరు నిజంగా వాడితే, ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి అదొక్కటి చాలు.

ఉత్తరం చివర్లో, సీటు పోతుందని 10 వేలు అడ్వాన్స్ కట్టేశామని, మిగతాది ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారని రాశారు. ఇలాంటి ఈఎంఐ చాలాసార్లు ఏదో ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పే అవుతుంది. క్లాసులు మధ్యలో మానేసినా కిస్తీలు ఆగవు. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వచ్చింది, ఒప్పందం ఎవరి పేరున ఉంది చూడండి. రిఫండ్ గడువు ఎన్ని రోజులో చదివి, కోర్సు వద్దని ఇవాళే మెయిల్ పెట్టించండి. వాళ్ళ కౌన్సెలర్ ఫోన్‌లో ‘నేను చూసుకుంటాను అంకుల్’ అంటే ఊరుకోకండి, క్యాన్సిల్ అయినట్టు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా వదలకండి.